కట్లపాము చెప్పిన సాక్ష్యం

నల్లటి ఒంటి మీద పసుపు పట్టీలుండే కట్లపాము ఒకటుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేసిన పాట్రిక్ రస్సెల్, జనం పిలిచినట్టే దాన్ని ‘బంగారు పాము’ అని రాసుకున్నాడు. బిడ్డ తండ్రి ఎవరన్న తగాదాలోనూ, హత్య కేసుల్లోనూ మన కోర్టులు తొలిరోజుల్లో నమ్మిన డీఎన్ఏ సాక్ష్యానికి మూలం ఆ జాతి ఆడపాములో దొరికింది. దాన్ని వెతికినాయనకు పోలీసులతో గానీ కోర్టులతో గానీ అప్పటికి ఏ సంబంధమూ లేదు.

ఆయన పేరు లాల్జీ సింగ్. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కల్వారీ గ్రామంలో 1947లో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి పాముల క్రోమోజోములను ఎంచుకున్నారు. ఆడామగా తేడా ఎలా వస్తుందన్నదే ఆయన ప్రశ్న. పాముల్లో ఈ వ్యవహారం మనకు తలకిందులు: మనుషుల్లో రెండు రకాల లింగ క్రోమోజోములు మగవాడికి ఉంటే, పాముల్లో ఆడదానికి ఉంటాయి. 1974లో ఎడిన్‌బరో వెళ్ళి కెన్నెత్ జోన్స్ దగ్గర పనిచేస్తూ, పట్టీల కట్లపాము డీఎన్ఏలోంచి ఒక ముక్కను వేరు చేశారు. అందులో జి-ఎ-టి-ఎ అనే నాలుగక్షరాల గుంపు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ పాము ఇంగ్లీషు పేరులోని అక్షరాలు కలిసొచ్చేలా దానికి బీకేఎం అని పేరు పెట్టి 1980లో ప్రకటించారు. వింతేమిటంటే అలాంటి వరసలు ఎలుకలోనూ మనిషిలోనూ కూడా ఉన్నాయి.

ఈలోగా ఇంగ్లండ్‌లో కథ మరో దారిన నడిచింది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ కండరాల్లో ఆక్సిజన్‌ను నిలవచేసే మయోగ్లోబిన్ జన్యువును పరిశీలిస్తూ, దాని లోపల ఒక చిన్న వరస పదేపదే రావడం గమనించారు. అలాంటి వరసలను పట్టుకునే రేడియోధార్మిక ‘ప్రోబ్’ తయారుచేసి, కొందరు మనుషుల, జంతువుల డీఎన్ఏ మీద ప్రయోగించారు. 1984 సెప్టెంబర్ 10 సోమవారం ఉదయం ఎక్స్‌రే ఫిల్మ్ కడిగి చూస్తే, సరుకుల పొట్లం మీది బార్ కోడ్‌లా నల్లటి గీతలు. ఏ ఇద్దరివీ ఒకేలా లేవు. బిడ్డలోని ప్రతి గీతా తల్లిలోనో తండ్రిలోనో కనిపిస్తోంది. పేగుబంధం కాగితం మీద కనబడటం అదే మొదలు.

ఈ విద్య నేర పరిశోధనలో చేసిన మొదటి పని ఒకణ్ణి పట్టివ్వడం కాదు, విడిపించడం. అందుకే నాకు ఈ కేసంటే ప్రత్యేకమైన ఇష్టం. లెస్టర్ దగ్గరి పల్లెల్లో 1983లో ఒకరు, 1986లో ఒకరు, పదిహేనేళ్ళ ఆడపిల్లలిద్దరు హత్యకు గురయ్యారు. పదిహేడేళ్ళ కుర్రాడొకడు రెండో హత్య తనే చేశానని ఒప్పుకున్నాడు. మొదటిదీ వాడిదేనని తేల్చుకోవడానికి పోలీసులు జెఫ్రీస్ దగ్గరకు వెళ్ళారు. రెండూ ఒక్కడే చేశాడని, వాడు ఈ కుర్రాడు కాదని ఫలితం వచ్చింది! తర్వాత చుట్టుపక్కల దాదాపు 5 వేల మంది మగవాళ్ళ దగ్గర నమూనాలు తీసుకున్నారు. ఒక్కటీ కలవలేదు. చివరికి బేకరీలో పనిచేసే ఒకడు, తోటి ఉద్యోగి బదులు తాను రక్తమిచ్చానని పబ్‌లో నోరు జారాడు. 1988 జనవరిలో ఆ తోటి ఉద్యోగి కాలిన్ పిచ్‌ఫోర్క్‌కు యావజ్జీవ శిక్ష పడింది. డీఎన్ఏ పట్టలేనిదాన్ని పబ్‌లో కబుర్లు పట్టాయన్న సంగతి మన టీవీ సీరియళ్ళు ఎప్పుడూ చూపించవు.

‘డీఎన్ఏ వేలిముద్రలను కనిపెట్టింది మనవాడే’ అని అప్పుడప్పుడు చదువుతుంటాం. అది నిజం కాదు, అంత అవసరమూ లేదు. మనిషిని గుర్తుపట్టడానికి దాన్ని మొదట వాడింది జెఫ్రీసే. లాల్జీ సింగ్ గొప్పతనం వేరే చోట ఉంది. జెఫ్రీస్ పద్ధతి మీద వ్యాపార హక్కులు ఐసీఐ కంపెనీ చేతికి వెళ్ళాయి. 1987లో సెల్‌మార్క్ పేరుతో పరీక్షలు అమ్మడం మొదలైంది. ప్రోబ్ కోసం మనం వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడాల్సిన పరిస్థితి. అదే ఏడు లాల్జీ సింగ్ హైదరాబాద్ వచ్చి పుష్ప మిత్ర భార్గవ కట్టి నిలబెట్టిన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో చేరారు. చేతిలో పాము నుంచి తీసిన బీకేఎం ఉంది. దాంతోనే మనుషుల గీతలు తీయొచ్చని మరుసటి ఏడు చూపించారు. ఆడామగా రహస్యం కోసం తవ్విన బావిలో వేరే నీళ్ళు పడ్డాయన్నమాట.

పరీక్ష వెంటనే వచ్చింది. కేరళలోని తలశ్శేరిలో ఒక స్త్రీ, తన బిడ్డకు తండ్రి ఇతనేనని కోర్టుకెక్కింది. అతను కాదన్నాడు. ముగ్గురి రక్తమూ హైదరాబాద్ వచ్చింది. లాల్జీ సింగ్ నిపుణుడిగా సాక్ష్యమిచ్చారు. 1989లో మేజిస్ట్రేటు దాన్ని నమ్మారు, 1991లో కేరళ హైకోర్టు సమర్థించింది. అంతవరకూ ఇలాంటి కేసుల్లో రక్తం గ్రూపే దిక్కు. గ్రూపు ‘ఇతను కాడు’ అని చెప్పగలదు గానీ ‘ఇతనే’ అని చెప్పలేదు. మనోవర్తి కోసం నిలబడ్డ ఆడదానికి ఆ తేడా ఎంతటిదో వేరే చెప్పాలా? తర్వాత రాజీవ్ గాంధీ హత్య, ఢిల్లీ తందూరు హత్య కేసుల్లోనూ ఈ ల్యాబ్ పేరు వినిపించింది. పనిభారం పెరిగి, తొంభైల నడుమ హైదరాబాద్‌లోనే సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది.

పాత పద్ధతికి రక్తం మరక చాలినంత పెద్దదిగా, తాజాగా ఉండాలి. రేడియోధార్మిక ఫిల్మ్‌కు రోజులు పట్టేది. 1983లో కారీ ముల్లిస్ ఆలోచించిన పీసీఆర్ ఆ బెడద తీర్చింది. పోగంత డీఎన్ఏను కోట్ల ప్రతులుగా పెంచే ఉపాయం అది. తొంభైల్లో గీతల ఫిల్మ్ పోయి అంకెలు వచ్చాయి: ఫలానా చోట నాలుగక్షరాల గుంపు నీకు 11 సార్లు, 14 సార్లు వస్తే నాకు 9, 12. అలా అమెరికా ఎఫ్‌బీఐ 13 చోట్లతో మొదలుపెట్టి 2017 నుంచి 20 చోట్లు చూస్తోంది. ఆ చోట్లలో కొన్నింట్లో తిరిగే గుంపు ఏదనుకున్నారు? జి-ఎ-టి-ఎ. పాములో కనబడ్డ వరసే.

యంత్రం ఎంత సున్నితమైతే అంత ప్రమాదం కూడా. జర్మనీలో ఏళ్ళ తరబడి పోలీసులు ఒక ‘హంతకురాలి’ కోసం వెతికారు. హత్యలు, దొంగతనాలు, నలభై దాకా నేరస్థలాల్లో ఆమె డీఎన్ఏ దొరికింది. 2009లో తేలిందేమంటే, అది నమూనాలు తీసే దూది పుల్లలను తయారుచేసే చోట పనిచేసే ఒకావిడది. డీఎన్ఏ ‘ఇది ఎవరిది’ అన్నంతవరకే చెబుతుంది. ‘ఎలా వచ్చింది’ అన్నది దర్యాప్తు అధికారి తేల్చుకోవాల్సిందే. మన దగ్గర డీఎన్ఏ వాడకాన్ని నియంత్రించే బిల్లు 2019లో పార్లమెంటుకు వచ్చి, 2023లో వెనక్కి పోయింది. నమూనా ఎవరి దగ్గర ఎన్నాళ్ళుండాలన్న ప్రశ్న దాంతోపాటే వాయిదా పడింది.

ఇక వైద్యం సంగతి. కోర్టుకు కావలసింది నువ్వు అందరికంటే ఎలా వేరో చెప్పే గీతలు. డాక్టరుకు కావలసింది నువ్వు ఎవరితో దేన్ని పంచుకున్నావో చెప్పే జన్యువులు. ఈ రెండో కథ కూడా హైదరాబాద్ మీదుగానే వెళ్ళింది, అయితే మొదలైంది ఆపరేషన్ థియేటర్‌లో.

రోగికి గొంతులో గొట్టం వేసే ముందు కండరాలు వదులు కావడానికి సక్సామిథోనియం అనే మందు ఇస్తారు. చాలామందిలో కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం దిగిపోతుంది, రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది కాబట్టి. కొందరిలో గంటలు గడిచినా ఊపిరి తీసే కండరం కదలదు. టొరంటోలో వెర్నర్ కాలో 1950ల్లో ఈ చిక్కు విప్పారు. వీళ్ళలో ఎంజైమ్ తయారీయే వేరు, అది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మందుకు, జన్యువుకు సంబంధం చూసే శాస్త్రానికి 1959లో ఫ్రెడ్రిక్ ఫోగెల్ ‘ఫార్మకోజెనెటిక్స్’ అని పేరుపెట్టారు. ఇవాళ ‘మనిషికి తగ్గ మందు’ అంటూ వినబడుతున్నదానికి పునాదుల్లో ఇదొకటి.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఎక్కువని తెలుగునాట మత్తు డాక్టర్లకు తెలుసు. ఆపరేషన్‌కు ముందు ‘మీరు వైశ్యులా?’ అని అడిగితే రోగి నొచ్చుకోవచ్చు గానీ, అది కులం ఆరా కాదు. 2009లో లాల్జీ సింగ్, సీసీఎంబీలో ఆయన సహచరుడు తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం 25 సమూహాల వాళ్ళ జన్యువులు చూసి, వైశ్యుల మూలాలు ఒక చిన్న గుంపులో, వంద తరాలకు పైగా వెనక ఉన్నాయని అంచనా వేసింది. 2017లో తంగరాజ్, రైక్ బృందాలు 260కి పైగా సమూహాలను పరిశీలించాయి. 81 సమూహాల్లో ఇలా చిన్న గుంపు నుంచి పెరిగిన ప్రభావం ఫిన్లాండ్ వాళ్ళకంటే, అష్కెనాజీ యూదులకంటే బలంగా ఉందని తేలింది. వైశ్యుల్లో ఆ ఎంజైమ్ లోపం ఇతరులకంటే దాదాపు వంద రెట్లు. మేనరికం మానేస్తే పోయేది కాదిది. చుట్టరికమే లేని వాళ్ళతో, వేరే గోత్రంలో సంబంధం చేసుకున్నా, ఆ చిన్న గుంపులోని ఒకే పూర్వీకుడు రెండు వైపులా ఉండొచ్చు.

గుండె విషయంలో లెక్క ఇంకా పెద్దది. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపించడం భారత ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉంటుందని, నడివయసు తర్వాత గుండె వైఫల్యానికి అది దారి తీయగలదని తంగరాజ్‌తో కలిసి పనిచేసిన బృందం 2009లోనే ప్రకటించింది. 10 వేల మంది భారతీయుల జన్యుపటం తీసిన జీనోమ్ ఇండియాలో సీసీఎంబీ కూడా ఉంది. కల్వారీ నుంచి వచ్చినాయన దాన్ని చూడలేదు, 2017 డిసెంబర్‌లో పోయారు.

కులం అడగడం మత్తు డాక్టరుకు ఒక దగ్గరి దారి మాత్రమే. వైశ్యుల్లో ఎక్కువమందికి ఈ లోపం ఉండదు, వైశ్యులు కానివాళ్ళలో కొందరికి ఉంటుంది. ఎంజైమ్ ఎంత ఉందో చెప్పే రక్తపరీక్ష ఉంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి అందక వెంటిలేటర్ మీద గంటల తరబడి ఉంచిన అనుభవం ఉంటే, ఆ సంగతి డిశ్చార్జి కాగితంతో సహా మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. సక్సామిథోనియం బదులు వాడదగ్గ మందులు వాళ్ళ దగ్గర ఉన్నాయి.