పీపా

రోడ్డు పక్కన తారు పీపా, కొట్టు వెనక నూనె పీపా. ఇంతగా మనదైపోయిన ఈ మాట పోర్చుగీసువాళ్ల 'పిపా'. మేస్త్రీ, అల్మారా, బొత్తాం కూడా వాళ్ల వెంటే మన తీరానికి చేరాయి.

ఇంగ్లీషులో దీని తోబుట్టువు 'పైప్'. స్కాట్లండ్ విస్కీ సేకర్తలు లేబుల్ మీద వెతికే 'పోర్ట్ పైప్' ఇదే. గొట్టం కాదు, సుమారు 550 లీటర్లు పట్టే పొడవాటి ఓక్ పీపా. పోర్చుగల్‌లోని డౌరో లోయలో పండే ద్రాక్షతో చేసిన పోర్ట్ వైన్ నిలవకు వాడే పీపా ఇది. ఆ పీపాలో నిలవున్న విస్కీకి ఎర్రటి ఛాయ, ఎండుపళ్ల తీపి వాసన అబ్బుతాయి.

స్వతంత్ర బాట్లర్ల కథంతా పీపా చుట్టూనే. 1842లో అబర్డీన్‌లో మొదలైన కాడెన్‌హెడ్స్, 1895లో ఎల్గిన్‌లో వెలసిన గోర్డన్ అండ్ మాక్‌ఫైల్ వంటి సంస్థలు వేరే డిస్టిలరీల సరుకు కొని, తమ పేరుతో సీసాల్లో నింపుతూ వచ్చాయి; గోర్డన్ అండ్ మాక్‌ఫైల్ మాత్రం 2024 నుంచి అలా కొత్త సరుకు కొనడం మానేసింది. ఒక్క పీపాలోది మాత్రమే నింపితే అది 'సింగిల్ కాస్క్'. డిస్టిల్ చేసిన ఏడాది, సీసాకెత్తిన ఏడాది, పీపా నంబరు, ఎన్ని సీసాలు వచ్చాయన్నదీ సాధారణంగా లేబుల్ మీదే ఉంటాయి. ఆ పీపా ఖాళీ అయితే ఆ రుచి మళ్లీ దొరకదు. సేకర్తల ఆరాటంలో న్యాయముంది.

'సింగిల్ మాల్ట్' అని చూసి ఒకే పీపా అనుకోకండి. అక్కడ 'సింగిల్' అంటే ఒకే డిస్టిలరీ. వందల పీపాలు కలిపినా ఆ పేరు చెల్లుతుంది.