అడవిలో చక్రము

అమృతలూరు ప్రాంతపు రైతునకు చక్రము నేలను ఏమి చేయునో ఒకరు చెప్పనక్కరలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమనున్న ఈ కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువకు నీరు రాగానే మాగాణిని తడిపి దమ్ము చేయుదురు. నాడు ఎడ్లతో చేసిన పనిని నేడు ఇనుప చక్రములు తొడిగిన ట్రాక్టరు చేయుచున్నది. పైమన్ను బురద యగును; దాని క్రింది మన్ను అణగి గట్టిపొరగా ఏర్పడును. ఆ పొర నీటిని క్రిందికి దిగనీయదు. అందుచేతనే మడిలో నీరు నిలుచును, వరి పండును.

వరికి మేలుచేయు ఈ అణచివేతయే అడవికి చేటు. అడవినేల నీటిని త్రాగవలెను. ఆకులు కుళ్ళి, వేళ్ళు చొచ్చి, పురుగులు తొలిచి గుల్లబారిన నేలపై బరువైన వాహనము పలుమారు తిరిగినచో ఆ రంధ్రములు మూసికొనిపోవును. వాననీరు ఇంకక చక్రపు చాళ్ళ వెంట పరుగెత్తి మట్టిని కోసికొనిపోవును. విత్తనము వేరూనదు. నేలపై గూడు కట్టు పిట్టకు, గ్రుడ్లు పెట్టు తాబేలునకు చోటుండదు. ఒక పూటలో పడిన చాలు మానుటకు కొన్ని తావులందు దశాబ్దములు పట్టును.

కావుననే బాట విడిచి తిరుగు వాహనములను ప్రజల అడవులలోనికి రానీయవచ్చునా అను చర్చ అర్ధశతాబ్దికి పూర్వమే పుట్టినది. అమెరికాలో 1970 ఏప్రిల్ 22న జరిగిన తొలి ధరిత్రీ దినమున విద్యార్థులు ఊరూర సభలు జరిపి ప్రకృతి రక్షణను ప్రజల ముందుంచిరి. 1972 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు నిక్సన్, ప్రభుత్వ భూములలో ఇట్టి వాహనములు ఎచట తిరుగవచ్చునో, ఎచట తిరుగరాదో గుర్తించి ప్రకటింపవలెనని ఉత్తరువు చేసెను. 1977లో అధ్యక్షుడు కార్టరు దానిని మరింత బిగించి, నేలకుగాని వన్యప్రాణులకుగాని గట్టి హాని కలిగినచోట ఆ ప్రదేశమును వెంటనే మూయవలెనని నిర్దేశించెను. మన నల్లమలలోను ఇట్టి కట్టుబాటు కలదు. దోర్నాల మీదుగా శ్రీశైలము పోవు యాత్రికులు, రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు పులుల అభయారణ్యపు గేటు మూసియుండుటను ఎరుగుదురు.

అయితే మన దేశమున అడవి చట్టము మొదట ఆపినది వాహనమును కాదు, మనిషిని, పశువును. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో ప్రభుత్వము అడవులను తన చేతిలోనికి తీసికొనెను. తరతరములుగా పశువులను తోలుకొనిపోయిన రైతు అటుపై పుల్లరి చెల్లింపవలసివచ్చెను. నాటి గుంటూరు జిల్లాలోని పల్నాడున 1921లో ప్రజలు ఈ పన్ను చెల్లింపమని తిరుగబడిరి. వారికి నాయకుడైన మించాలపాడు వాసి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో నేలకొరిగెను. పల్నాటి రైతు అడవిని నరుకుటకై పోరాడలేదు. పశువుల వెంట తిరిగి ప్రతి వాగును, ప్రతి మేతబీడును ఎరిగినవాడు గనుక, దానితో తనకుగల సంబంధమును తెంచుకొననని పోరాడెను.

మేము పుల్లరిని జ్ఞాపకము చేయుటకు కారణము కలదు. పూర్వము పశువుల మేతకు విడిచిన బీడునకు తెలంగాణమున 'కంచ' అని పేరు. హైదరాబాదు పడమటి అంచున నున్న కంచ గచ్చిబౌలి పేరులో ఆ పాతకథ నిలిచియున్నది. నూరేండ్ల తరువాత విద్యార్థులు యంత్రములకు అడ్డునిలిచినది ఆ నేలమీదనే.

1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు దానికి అచట సుమారు 2,300 ఎకరములు కేటాయింపబడినవి. రాతిగుట్టలు, పొదలు, చిన్న చెరువులు గల నేల అది. నగరము చుట్టును పెరుగుచుండగా, పుట్టగొడుగు ఆకారపు బండయు, దాని చుట్టునున్న పొదలును మాత్రము అట్లే నిలిచినవి. జింకలు, నెమళ్ళు, నక్షత్ర తాబేళ్ళు అచట నివసించుచున్నవి. 200కు పైగా పక్షిజాతులను అచట చూచి వ్రాసియుంచిరి. 2003లో నాటి ప్రభుత్వము అందులో 400 ఎకరములను ఒక క్రీడాసంస్థకు కేటాయించెను. 2006లో తరువాతి ప్రభుత్వము దానిని రద్దుచేసెను. వ్యాజ్యము 2024 వరకు నడిచి, ఆ భూమి ప్రభుత్వమునకే దక్కెను. అటుపై దానిని పరిశ్రమల కొరకు చదును చేయుటకు ప్రభుత్వము పూనుకొనెను.

2025 మార్చి 30, ఆదివారము, ఉగాది పండుగ. ఆనాడు బుల్డోజర్లు ఆ నేలపైకి వచ్చెను. అడ్డుకొనబోయిన విద్యార్థులలో 50 మందికి పైగా పోలీసుల నిర్బంధమునకు లోనైరి. ఏప్రిల్ 1 నుండి విద్యార్థులు తరగతులు బహిష్కరించి నిరసన సాగించిరి. చెట్లు కూలుటను, యంత్రముల వెలుగులో నెమళ్ళ అరపులను వారు చిత్రించి లోకమునకు చూపిరి.

ఇచట ఇరువాదములను వినుట న్యాయము. దస్త్రములలో అది అటవీభూమి కాదనియు, న్యాయస్థానములో గెలుచుకొన్న తన భూమి యనియు, అచట నెలకొనబోవు సంస్థలు యువకులకు ఉద్యోగము లిచ్చుననియు ప్రభుత్వము చెప్పెను. విద్యార్థుల మాట వేరు. దస్త్రము ఏమి చెప్పినను, కంటికి కనబడునది అడవియే గదా అని వారనిరి. ఈ మాటకు చట్టబలము లేకపోలేదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, యజమాని ఎవరైనను, నిఘంటువు చెప్పు అర్థమున అడవి యగునది 1980 అటవీ సంరక్షణ చట్టమునకు లోబడునని తేల్చియుండెను.

ఏప్రిల్ 2న తెలంగాణ హైకోర్టు పనులను మరునాటివరకు ఆపించెను. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా విషయమును చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రారును ఆనాడే స్థలమునకు పంపెను. సుమారు 100 ఎకరములలో చెట్లు కూలినవని ఆయన నివేదించిన పిదప, అన్ని పనులను నిలిపివేసెను. ఆ నెల 16న ఆ 100 ఎకరములను తిరిగి ఎట్లు పెంచెదరో తెలుపుమని ప్రభుత్వము నడిగెను. ఆగస్టు 13న సమగ్ర ప్రణాళిక తెచ్చుటకు 6 వారముల గడువిచ్చెను.

యంత్రము మూడునాలుగు దినములలో చేసినదానిని సరిదిద్దుటకు ఎన్ని ఏండ్లు పట్టునో దమ్ముచేసిన రైతు ఊహింపగలడు. అయినను ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది వేరొకటి కలదు. పల్నాట అడవిని ఎరిగినవాడు పశువుల కాపరి. గచ్చిబౌలిలో ఎరిగినవాడు పక్షుల పేర్లు వ్రాసికొన్న విద్యార్థి. దస్త్రమున లేని అడవిని అడవియని చెప్పగలిగినది ఆ ఎరుకయే. ఎరుగనివాడు యంత్రము వచ్చిన దినమున నిలువజాలడు. ఏమి పోవుచున్నదో అతనికి తెలియదు.

అమృతలూరు సీమలో నల్లమల వంటి అడవి లేదు. కాని దక్షిణమున నిజాంపట్నము చెంత మడ అడవులు కలవు. సూర్యలంక తీరమున సముద్రపు తాబేళ్ళు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఆ ఇసుకపై వాహనము నడచినచో గ్రుడ్లు చితుకును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన పెద్దలు మన గ్రామములలో నేటికిని ఉన్నారు. తీరపు మడచెట్లు కెరటపు ఊపును తగ్గించునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ మడ అడవి హద్దు ఎచట మొదలగునో, అందు ఏ పిట్ట ఏ మాసమున దిగునో, మన ఉన్నత పాఠశాలల బాలబాలికలలో ఎందరు చెప్పగలరు? ఒక సెలవు దినమున ఉపాధ్యాయులు వారిని అచటికి కాలినడకన కొనిపోయి, ఒక నోటుపుస్తకమున చూచినది చూచినట్లు వ్రాయించినచో, ఆ అడవికి కావలి అచటనే మొదలగును.