సిఫాంగ్ వీధి: సంత మిగిలింది, సంత చేసినవాళ్ళు ఎక్కడ?



చైనా చూడ్డానికి వెళ్ళే లక్షల మంది మెచ్చుకునే పాత వీధుల్లో లిజియాంగ్ ఊరి వీధులు ఉంటాయి. అక్కడికి కార్లు రావు, బళ్ళు రావు. రాళ్ళు పరిచిన దారిలో నడుచుకుంటూ పోవాలి. పక్కన కాలువ, దాని మీద చిన్న చిన్న వంతెనలు, రెండు వైపులా చెక్క ఇళ్ళు. ఒక కొట్లో తిండి, ఇంకో కొట్లో వెండి, మరో కొట్లో టీ. ఫోటోలు చూస్తే ఎవరికైనా వెళ్ళాలనిపిస్తుంది.

కానీ ఆ ఊరు కట్టింది చైనాలో ఎక్కువ సంఖ్యలో ఉన్న హాన్ జనం కాదు. నాషి అనే చిన్న జాతి. ఇప్పటికీ వాళ్ళ జనాభా 3 లక్షల పైచిలుకే. వాళ్ళకి సొంత భాష ఉంది, సొంత లిపి ఉంది, సొంత పూజారులు ఉన్నారు. అందుకే ఈ వీధి చరిత్ర మన గ్రూపులో తెలుసుకోవాల్సిన విషయం. తిండి గురించి, షాపింగ్ గురించి కూడా చెప్తాను. ముందు ఆ వీధి ఎలా పుట్టిందో చూద్దాం.

లిజియాంగ్ చైనాకి నైరుతి మూల ఉన్న యునాన్ రాష్ట్రంలో ఉంది. సముద్ర మట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తు. ఊరికి ఉత్తరాన 5,596 మీటర్ల జేడ్ డ్రాగన్ మంచు కొండ. నాషీలు దాన్ని తమని కాపాడే కొండగా కొలుస్తారు. ఊరు పుట్టి దాదాపు 800 ఏళ్ళు. 1253లో మంగోల్ రాకుమారుడు కుబ్లాయ్ ఖాన్ దాలీ రాజ్యం మీదికి దండెత్తినప్పుడు ఈ ప్రాంతం మీదుగానే వెళ్ళాడు. తర్వాత వచ్చిన మింగ్ చక్రవర్తి 1382లో ఇక్కడి నాషి పెద్దకి 'ము' అనే ఇంటిపేరు ఇచ్చి, ఆ ప్రాంతాన్ని వంశపారంపర్యంగా ఏలుకోమన్నాడు. మన ఏజెన్సీలో ముఠాదారుల వ్యవస్థ గురించి విన్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పైన చక్రవర్తి ఉంటాడు, కింద కొండ జనాన్ని వాళ్ళ పెద్ద చేతే ఏలిస్తాడు.

చైనాలో పాత పట్నాలంటే చుట్టూ కోట గోడ ఉండాల్సిందే. లిజియాంగ్‌కి గోడ లేదు. దానికి ఊళ్ళో ఒక కథ చెప్తారు. చైనా లిపిలో 'ము' అక్షరానికి చెట్టు అని అర్థం. ఆ అక్షరం చుట్టూ నాలుగు గీతల పెట్టె గీస్తే 'చిక్కుకుపోవడం' అనే ఇంకో అక్షరం అవుతుంది. అందుకే ము దొరలు గోడ కట్టనీయలేదట. కథ సంగతి ఎలా ఉన్నా, గోడ లేని ఊరు కాబట్టి సంతకి ఎటువైపు నుంచైనా రావచ్చు.

ఆ సంతే సిఫాంగ్ వీధి. పేరుకి వీధి గానీ, నిజానికి అది ఊరి నడిబొడ్డున ఉన్న నాలుగు పలకల ఖాళీ స్థలం. అక్కడి నుంచే వీధులు అన్ని దిక్కులకీ చీలిపోతాయి. నేల మీద రంగురంగుల చుక్కలున్న గట్టి రాళ్ళు పరిచారు. వానాకాలం బురద కాదు, ఎండాకాలం దుమ్ము లేవదు. ఇందులో అన్నిటికంటే గొప్ప సంగతి నీళ్ళది. సంత పక్కనే కాలువ పారుతుంది. సంత ముగిశాక తూము మూసేసేవాళ్ళు. నీళ్ళు పొంగి రాళ్ళ మీదకి వచ్చి, చెత్తంతా కడిగేసి అటువైపు దిగిపోయేవి. చీపురు పట్టకుండానే సంత శుభ్రం అన్నమాట.

ఊళ్ళో 'మూడు కళ్ళ బావులు' కూడా ఉన్నాయి. ఒకే ఊట, దిగువకి వరసగా మూడు తొట్లు. మొదటి తొట్టి నీళ్ళు తాగడానికి, రెండోది కూరగాయలు కడగడానికి, మూడోది బట్టలు ఉతకడానికి. కట్టుబాటు తప్పి ఎవరైనా పై తొట్లో బట్టలు ఉతికితే ఊరంతటి తాగునీరూ పాడైపోతుంది. ఇంజనీర్లు వచ్చి చెప్పిన పద్ధతి కాదు ఇది. ఊరి జనం తమకి తాము పెట్టుకున్న కట్టుబాటు.

ఈ సంతకి సరుకు ఎక్కడి నుంచి వచ్చేదంటే, దక్షిణ యునాన్ తోటల్లోంచి టీ ఆకుని ఇటుకల్లా, బిళ్ళల్లా నొక్కి, గుర్రాలు, కంచర గాడిదల మీద టిబెట్‌కి తోలేవాళ్ళు. అటు నుంచి గుర్రాలు, ఉన్ని, తోళ్ళు, మందు మూలికలు వచ్చేవి. దీన్నే టీ-గుర్రాల దారి అంటారు. ఆ దారిలో లిజియాంగ్ పెద్ద మజిలీ. బిడారు సిఫాంగ్‌లో ఆగేది, సరుకు చేతులు మారేది.

ఆ సంతలో బేరం చేసింది ఎక్కువగా నాషి ఆడవాళ్ళు. పీటర్ గులార్ట్ అనే రష్యన్ 1941 నుంచి 1949 దాకా లిజియాంగ్‌లో ఉండి, చైనా సహకార సంఘాల తరఫున పనిచేశాడు. 1955లో వచ్చిన ఆయన పుస్తకం 'ఫర్‌గాటెన్ కింగ్‌డమ్' నిండా ఈ ఆడవాళ్ళే కనిపిస్తారు. కొట్లు నడిపేది వాళ్ళు, బరువులు మోసేది వాళ్ళు, డబ్బు లెక్క వాళ్ళ చేతుల్లో. నాషి ఆడవాళ్ళు వీపు మీద వేసుకునే గొర్రెతోలు మీద ఏడు గుండ్రటి కుట్టు బిళ్ళలు ఉంటాయి. అవి ఏడు నక్షత్రాలు అంటారు. అంటే చుక్కలు పొడిచే దాకా పని చేస్తారని గుర్తు. ఆ తోలు అందానికే కాదు, బుట్ట మోసేటప్పుడు వీపు ఒరిసిపోకుండా కూడా.

మన దేశానికీ ఈ సంతకీ ఒకప్పుడు నేరుగా లెక్క ఉండేది. 1942లో జపాన్ సైన్యం బర్మా రోడ్డుని తెంచేశాక, మన బెంగాల్లోని కాలింపాంగ్ నుంచి లాసా మీదుగా లిజియాంగ్‌కి గుర్రాల బిడార్లు నడిచాయి. బట్టలు, సిగరెట్లు, మందులు అలా కొండలు దాటి నెలల తరబడి ప్రయాణం చేసి సిఫాంగ్ చేరేవి. యుద్ధం జరిగినన్నాళ్ళూ ఆ సంతకి మంచి గిరాకీ.

దొరల పాలన అంతకు చాలా ముందే, 1723లో పోయింది. క్వింగ్ ప్రభుత్వం ము దొరల అధికారం తీసేసి బయటి నుంచి ఆఫీసర్లని పంపింది. చనిపోయినవాళ్ళని కాల్చే నాషీల ఆచారాన్ని మాన్పించి పూడ్చమన్నారు. అంటే ఊళ్ళో కొత్త దొర వచ్చిన ప్రతిసారీ మార్పు ఇంటి లోపలి దాకా వచ్చింది. అయినా సంత మాత్రం నాషీలదే. ఇళ్ళు నాషీలవే.

ఇప్పుడు అసలు మలుపు. 1996 ఫిబ్రవరి 3న లిజియాంగ్‌లో పెద్ద భూకంపం. 300 మందికి పైగా చనిపోయారు. కొత్త సిమెంటు కట్టడాలు చాలా కూలాయి. పాత చెక్క ఇళ్ళకి మట్టి గోడలు రాలినా, కొయ్యకి కొయ్య జోడించిన చట్రం చాలా చోట్ల నిలబడింది. గోడ కూలినా ఇల్లు కూలదని అక్కడ మాట. ఈ తెలివి ప్రపంచం కళ్ళలో పడింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో మరమ్మతులు జరిగాయి. ము దొరల పాత భవనాన్ని మళ్ళీ కట్టారు. 1997 డిసెంబర్‌లో యునెస్కో లిజియాంగ్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది.

ఆ తర్వాత జనం రావడం మొదలైంది, ఆగలేదు. 2019లో లిజియాంగ్ ప్రాంతం మొత్తానికి వచ్చిన సందర్శకుల లెక్క 5 కోట్లు దాటింది. అక్కడి జనాభా చూస్తే 12, 13 లక్షలే. పాత ఊరి నిర్వహణ కోసమని ఒక్కొక్కరి దగ్గర 80 యువాన్ల ఫీజు వసూలు చేసేవాళ్ళు, తర్వాత 50కి తగ్గించారు.

ఇంటి ముందు గది కొట్టు అయింది. ఆ తర్వాత ఇల్లంతా లాడ్జి అయింది. బయటి నుంచి వచ్చిన వ్యాపారులు ఇళ్ళని ఏళ్ళ తరబడి లీజుకి తీసుకున్నారు. నాషి కుటుంబాలు అద్దె తీసుకుని కొత్త టౌనుకి మారిపోయాయి. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. పాత ఊళ్ళో కూరగాయల కొట్టు తీసేసి గిఫ్టు షాపు పెట్టారు. రాత్రంతా బార్ల పాటలు. బండి గుమ్మం దాకా రాదు. కొత్త టౌన్‌లో అన్నీ దగ్గర. ఏడాదంతా కొట్లో కూర్చుంటే వచ్చే డబ్బు కంటే అద్దె ఎక్కువ. ఎవరైనా ఏం చేస్తారు? ఒక్కొక్క ఇంటికి అది లాభమే. ఊరందరూ అదే పని చేసేసరికి ఊరు చేజారిపోయింది. యునెస్కో కూడా దీని గురించి ఆందోళన చెప్పింది. రాయి భద్రంగా ఉంది, కొయ్య భద్రంగా ఉంది. మనుషుల్ని మాత్రం ఏ జాబితా కాపాడలేదు.

కొట్లలో అమ్మే సరుకు చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. లిజియాంగ్ వీధుల్లో ఎక్కువగా వినిపించే వాయిద్యం జెంబే. అది పశ్చిమ ఆఫ్రికా డప్పు. దానికీ నాషీలకీ సంబంధమే లేదు. చేనేత అని అమ్మే శాలువాలు చాలా మటుకు మిషన్ మీద నేసినవి. వెండి పని చాలావరకు పక్కనున్న బై జాతి కంసాలులది. వాళ్ళ షిన్‌హువా ఊరు దానికే పేరు.

లిపి సంగతి మరీ విచిత్రం. నాషీల దోంగ్‌బా లిపి బొమ్మల లిపి. దోంగ్‌బా అంటే వాళ్ళ పూజారి. పూజలు, పుట్టుక కథలు, చావు తంతులు అన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నాయి. 2003లో యునెస్కో ఆ ప్రతుల్ని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. ఈ రోజు సిఫాంగ్ చుట్టూ కొట్ల బోర్డుల మీద, టీషర్టుల మీద, కప్పుల మీద ఆ బొమ్మలే. చదవగలిగేవాళ్ళు మాత్రం కొద్దిమంది. గుంజాల గోండి లిపి గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. లిపి బోర్డు మీదికి ఎక్కడం వేరు, పిల్లల పలక మీదికి రావడం వేరు.

ఎవరైనా చదువుకో, ఉద్యోగానికో చైనా వెళ్ళి లిజియాంగ్ చూడాలనుకుంటే, కున్‌మింగ్ నుంచి ఫాస్ట్ ట్రైన్ ఉంది. సిఫాంగ్‌కి పొద్దున్నే వెళ్ళండి. కొట్లు తెరవక ముందు రాళ్ళు, కాలువ, వంతెనలు కనిపిస్తాయి. మూడు కళ్ళ బావి దగ్గర ఆగండి. తర్వాత పాత ఊరికి దక్షిణాన ఉన్న జోంగ్‌యి మార్కెట్‌కి నడవండి. ఊరి జనం ఇప్పటికీ కూరగాయలు, పుట్టగొడుగులు, మాంసం కొనేది అక్కడే. లిజియాంగ్ బాబా తినండి. గోధుమ పిండిని పొరలు పొరలుగా మడిచి కాల్చిన మందపాటి రొట్టె, ఉప్పుదీ ఉంటుంది, తీపిదీ ఉంటుంది. పాడవకుండా నిలవుంటుందని బిడారు మనుషులు దారికి కట్టుకుని పోయేవాళ్ళట. పప్పు పిండితో చేసే నల్లటి లియాంగ్‌ఫెన్ ముక్కల్ని కారం, వెనిగర్ కలిపి చల్లగా తినొచ్చు, లేదా పెనం మీద వేయించి ఇస్తారు. ఎండబెట్టిన పంది పక్కటెముకల పులుసు, వెన్న వేసిన టీ కూడా అక్కడివే. కొనాలంటే చెట్టు బెరడుతో చేసే దోంగ్‌బా కాగితం కొనండి. దానికి పురుగు పట్టదు. ఎవరు చేశారో అడిగి కొనండి. సాయంత్రం నాషి పెద్దావిడలు సిఫాంగ్‌లో చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడతారు. టైం ఉంటే షుహే, బైషా ఊళ్ళు కూడా చూడండి. బైషాలో మింగ్ కాలం నాటి గోడ బొమ్మలు ఉన్నాయి.

చివరగా మన విషయం. యునెస్కో లిజియాంగ్‌ని గుర్తించిన 1997లోనే, జులైలో, మన సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. అంతకుముందే మనకి 1/70 ఉంది. షెడ్యూల్డ్ ఏరియాలో ఆదివాసీ భూమిని, ఇంటిని గిరిజనేతరులకి అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా దాని కింద చెల్లదు. లిజియాంగ్‌లో నాషీల ఇల్లు చేజారింది అమ్మకంతో కాదు, చాలా వరకు లీజుతోనే. మన పెద్దలు లీజు అన్న మాటని చట్టంలో ఎందుకు పట్టుబట్టి ఉంచారో సిఫాంగ్ వీధి చూస్తే తెలుస్తుంది. చట్టం కాగితం మీద ఉండి, కొండ మీద బినామీ పేరుతో రిసార్టు లేస్తే మాత్రం మనకీ వాళ్ళకీ తేడా ఉండదు.

టూరిజం వద్దు అనడం లేదు. సందర్శకులు రావాలి, మన తిండి తినాలి, మన సరుకు కొనాలి. కొట్టు ఎవరిది, ఇల్లు ఎవరిది, లెక్క ఎవరి చేతిలో ఉంది, ఈ మూడూ మనం అడుగుతూ ఉండాలి.

మీ మీ ఊళ్ళ వారపు సంత ఎప్పటి నుంచి ఉంది, ఏ ఊళ్ళ నుంచి ఏం సరుకు వచ్చేది, ఇప్పుడు అక్కడ కొట్లు ఎవరివి? అవ్వల్ని, తాతల్ని అడిగి కింద రాయండి. మన సంతల చరిత్ర కూడా ఒక చోట చేరుతుంది.

జోహార్!