బంధం విప్పేసిన బాబాయ్

దిండిలో వశిష్ఠ గట్టు వెంట ఉన్న కొబ్బరిచెట్లలో మా బాబాయ్ ఎక్కనివి తక్కువ. కాళ్లకు బంధం వేసుకుని, తొడలు మానుకు ఆనించి చకచకా మొవ్వు దాకా పోయేవాడు. అలాంటి దింపు మనిషి నేలకు దిగిపోయింది చెట్టు మీంచి పడి కాదు, గజ్జల్లో లేచిన రూపాయి బిళ్లంత తామరతో.

శ్రావణం ముసురు, తడి పంచె, మాను రాపిడి. దురదకు నిద్ర లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక రోజు కూలి పోతుందని మందుల షాపుకెళ్లాడు. "ఇది రాయి బాబాయ్, రాత్రికే లాగేస్తుంది" అని కుర్రాడు ట్యూబు చేతిలో పెట్టాడు.

అందులో నాలుగు మందులు. తామర మీద పనిచేసేది టెర్బినఫిన్ ఒక్కటే. ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ వేరే క్రిములకు. నాలుగోది క్లోబెటసాల్, మహా ఘాటైన స్టెరాయిడ్. అది ఒంటి ప్రతిఘటనను నిద్రపుచ్చుతుంది. ఎరుపు పోతుంది, దురద పోతుంది, తామర తెచ్చే బూజు మాత్రం చాటున పాకుతూనే ఉంటుంది. తగ్గిందని బాబాయ్ రాయడం ఆపేశాడు. పది రోజులకు మచ్చ అంచు పెద్దదై లేచింది. మళ్లీ ట్యూబు.

ఆ ట్యూబు నా కళ్లముందే ఉంది: గూట్లో టూత్‌పేస్టు పక్కన, కిందినుంచి చుట్టలా చుట్టి, ఆఖరి బొట్టుదాకా పిండి. అదే పిన్ని రాసుకుంది, ఒకే తువ్వాలుతో అందరూ తుడుచుకున్నారు. ఏడాది తిరిగేసరికి బాబాయ్ తొడల లోపల ఊదారంగు చారలు పడ్డాయి. చర్మం ఉల్లిపొరైంది. మాను తగిలితే చాలు, నెత్తురు. ఆ చారలు ఇక పోవు.

ఆయనతో పాటు ఒక మంచి మందూ కూలిపోయింది. రోజుకు ఒక మాత్ర చొప్పున కొన్ని వారాలు వేసుకుంటే తామరను తుడిచిపెట్టిన టెర్బినఫిన్‌కు మన దేశపు బూజు చాలావరకు లొంగడం మానేసింది. 2020లో జపాన్ పరిశోధకులు ఆ మొండి బూజుకు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన పేరు అలా అంటుకోవడం నాకు గుండెకోతే. 2016లో కేంద్రం 344 మిశ్రమ మందులను నిషేధించింది, కోర్టుల చుట్టూ తిరిగి 2018లో 328 మీద నిషేధం ఖాయమైంది. ఇలాంటి కలగలుపు క్రీములూ వాటిలో ఉన్నాయి. అప్పటికే ఎన్ని తొడలు చారలుపడ్డాయో!

చివరికి అమలాపురంలో చర్మ డాక్టరు ముందు కూర్చున్నాం. ఆవిడ ముందుగా అడిగింది ఒంట్లో ఇంకేం మందులు పడుతున్నాయని. ఇట్రాకొనజోల్ రాయాలంటే అది తెలియాలట. గుండె నీరసంగా ఉంటే అది ప్రమాదం, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కలిస్తే కండరాలు దెబ్బతింటాయి, గ్యాస్ మాత్ర పక్కన వేసుకుంటే ఆ క్యాప్సూల్ ఒంటికి పట్టదు. అన్నం తిన్నాకే వేసుకోవాలి. దురద ఆగినా ఆవిడ చెప్పేదాకా ఆపకూడదు, ఇంట్లో అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి, తువ్వాళ్లు వేరుచేసి ఎండలో ఆరేయాలి. "ఇంత ఉందా అమ్మా దీనికి!" అన్నాడు బాబాయ్, చిన్నపిల్లాడిలా.

నెలల తరబడి వాడాక తామర తగ్గింది. చర్మం మాత్రం మానుకు ఆనేంత గట్టిపడలేదు. బంధం వసారాలో మేకుకు వేలాడుతోంది. రాత్రిళ్లు ముదురుకాయ రాలిన చప్పుడైతే, మంచం మీంచి లేవకుండానే అది ఏ చెట్టుదో చెబుతాడు.