రాజ్‌దూత్ గారి పెంకి తమ్ముడు

రాజ్‌దూత్ అనగానే పాలక్యాన్లు మోసిన బండే గుర్తొస్తుంది మనకు. నేను చెప్పేది దాని పెంకి తమ్ముడు, రాజ్‌దూత్ 350 సంగతి! జపాను యమహా ఆర్‌డి 350ని 1983లో ఎస్కార్ట్స్ వారు ఇక్కడ తయారుచేశారు. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. ముందుచక్రానికి డిస్కు బదులు డ్రమ్ము బ్రేకుతో సరిపెట్టారు మనవాళ్లు! పెట్రోలు తెగ తాగుతోందని తరువాత ఇంజను జోరూ తగ్గించి చూశారు. తయారీ ఎక్కువకాలం సాగనే లేదు.

మా మరిది ఇంట్లో ఇప్పటికీ ఒకటుంది. దీనికి ఆయిలు వేరే డబ్బాలో పోస్తారు. చిన్న పంపు దాన్ని ఇంజనుకు అందిస్తుంది. ఆ పంపు కేబుల్ వదులై ఆయిలు చాలకపోతే, మంచి వేగంలో ఉండగా పిస్టన్ పట్టేసి వెనకచక్రం బిగుసుకుపోవచ్చు. ప్రాణాల మీదికొచ్చే వ్యవహారం! అందుకే ఆయిలు చూడనిదే అతను కిక్కు కొట్టడు.

సైలెన్సర్లో మసి పేరుకుంటే లోగొట్టాలు ఊడదీసి, కాల్చి గీకాలిట. మాడిన మూకుళ్లు తోమే మనకు అదేం కొత్త గనక!