మోటారు ఇంజనులో చమురు కారుట

బండి కట్టువాడు ఇరుసునకు కందెన వేయనిదే బయలుదేరడు. వేసిన కందెన కొంత దారిలో రాలిపోవుననియు, మరల వేయవలసి యుండుననియు వానికి తెలియును. అందులకు వాడు విచారింపడు. మోటారుబండి యజమానునకో, తన బండి నిలిచినచోట నేలపై నల్లని మరక కనబడినంతనే గుండె జల్లుమనును. చమురును ఇంజనులోపల నిలుపుటకు మనుష్యులు ఎట్లు పాటుపడిరి, అది కారినప్పుడు కారణమును ఎచ్చట వెదకవలయును అను సంగతులను హైదరాబాదులోని ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతముల ముచ్చటతో కలిపి మనవి చేసెదను.

ఆబిడ్సు అనునది మొదట ఊరిపేరు కాదు, ఒక మనుష్యుని పేరు. ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీ ఖానుని కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిడ్ అను ఆర్మీనియా జాతీయుడు అక్కడ అంగడి పెట్టగా ఆ పేరు నిలిచిపోయినది. దానికి చేరువనే, పదునెనిమిదవ శతాబ్దము చివర, ఫ్రెంచివాడైన రేమండు ఫిరంగులు పోతపోయు కార్ఖానాను నెలకొల్పెను. గన్‌ఫౌండ్రీ అని ఆ తావును నేటికిని పిలుచుచున్నారు. లోహమును కరిగించి మలచు విద్య ఆ నేలకు మోటారులతో వచ్చినది కాదని చెప్పుటకే దీనిని తలచితిని. నాంపల్లి రైలుస్టేషను 1907లో కట్టబడినది. 1932లో నిజాము రైల్వేవారే 27 బస్సులతోను 166 మంది సిబ్బందితోను రోడ్డు రవాణాశాఖను తెరచిరి. స్కాట్లండునుండి వచ్చిన ఆ ఆల్బియను బస్సులే నేటి మన రెండు రాష్ట్రముల ఆర్టీసీలకు మూలపురుషులు.

ఆబిడ్సునుండి మూసీనది దాటి పోయినచో చౌమహల్లా సౌధములో పసుపుపచ్చని రోల్సు రాయిసు బండి యొకటి కనబడును. మహబూబ్ అలీ ఖాను దానిని చేయింప నాజ్ఞాపించి, అది చేరకమునుపే 1911లో పరమపదించెను. లోపల సింహాసనము వంటి ఆసనముగల ఆ బండి పుట్టిననాటినుండి నడచినది మిక్కిలి తక్కువ. అది సిల్వరు ఘోస్టు అను తెగకు చెందినది. ఆ తెగ ఇంజనుకును చమురు కథకును సంబంధము కలదు.

మొట్టమొదటి మోటారులలో చమురు గాజుగొట్టములగుండ బొట్టుబొట్టుగా ఇంజనులోనికి దిగి, పని తీర్చి, కొంత కాలిపోయి, కొంత కారిపోయెడిది. మన బండి ఇరుసునకు జరుగునదియు అదియే. పోయినదానిని మరల పోయుటయే నాటి పద్ధతి. కారుట తప్పుగా నెంచబడలేదు. 1906లో వచ్చిన రోల్సు రాయిసు నలుబది-ఏబది అశ్వశక్తుల ఇంజనులో, అనగా పిమ్మట సిల్వరు ఘోస్టు అని పేరుపొందినదానిలో, పంపు చమురును ఒత్తిడితో బేరింగులకు పంపును. అది క్రింది తొట్టిలో పడి మరల పంపునకు చేరును. ఈ తొట్టిని మన మిస్త్రీలు చాంబరు అందురు. ఒత్తిడి వచ్చినదిగదా, ఇక ఆపుట ఎట్లు? ఇంజనులోపల తిరుగు క్రాంకుషాఫ్టు వెనుకకొన వెలుపలికి వచ్చి క్లచ్చిని త్రిప్పవలెను. తిరుగుదానిచుట్టు సందు లేకున్న అది తిరుగదు. సందున్నచో చమురు ఊరక యుండదు.

కొందరు ఉన్నిబట్ట చుట్టిరి. కొందరు పేనిన త్రాడును గాడిలో దిగగొట్టిరి. నిలుకడగానుండు మూతలక్రింద బెండుపలకలు పరచిరి. తోలు మాత్రము అందరికంటె పై నిలిచినది. మోటబావినుండి నీళ్లు తోడినవారికి తడిసిన తోలు ఎంత చక్కగా నీటిని పట్టునో, ఎండిన తోలు ఎంత త్వరగా పగులునో వేరే చెప్పనక్కరలేదు. 1929లో ఆస్ట్రియా దేశీయుడగు వాల్టరు సిమ్మరు తోలుపెదవిగల వలయమును రూపించెను. దానిని తయారుచేసినది జర్మనీలోని ఫ్రాయిడెన్‌బర్గు అను తోళ్ల కర్మాగారము. పిమ్మట తోలుచోటికి కృత్రిమ రబ్బరు వచ్చెను. నేటి కారు నేలను మరక చేయకుండుటకు ఆ పెదవియే కారణము.

కాని ఇంగ్లాండులోని ఇంజనీర్లలో పెక్కురు చాలకాలము మరియొక ఉపాయమును నమ్మియుండిరి. షాఫ్టుపై మరచుట్టు గాడి చెక్కుదురు. అది తిరుగునప్పుడు బయటికి రాబోవు చమురును ఆ గాడి లోపలికి త్రోసివేయును. చిత్రమైన యోచన! దేనికిని ఏదియు రాచుకొనదు గనుక అరుగుదల లేదు. అయితే ఇంజను నిలిచినంతనే ఆ కావలి నిలిచిపోవును. మిగిలిన నాలుగుబొట్లు జారి, క్లచ్చిపెట్టె అడుగున ఉన్న రంధ్రముగుండ నేలపై పడును. ఈ సంగతి ఎరుగనివారు పాత ఇంజనును నేటి ఇంజనుతో పోల్చి అన్యాయముగా నిందింతురు.

నాంపల్లి సందులలోనొక చోట నాకు పరిచయమున్న యొకరి బండికి ఇట్టి తీర్పే జరుగనుండెను. అది ఎమ్.జి. వారి టి.సి. అను రెండాసనముల పందెపుబండి. 1945 మొదలు 1949 వరకు అట్టివి సుమారు పదివేలు చేయబడినవి. నాలుగు సిలిండర్లు, 1250 ఘన సెంటీమీటర్లు, 54 అశ్వశక్తి. వెనుక చెప్పిన మరచుట్టే దాని కావలి. చాలయేండ్లు కొట్టములో నిలిచియుండిన ఆ బండిని నడపసాగినది మొదలు ఒక్కరాత్రికే అరచేయి వెడల్పు మరక పడుచుండెను. చూచిన దుకాణమువారు, "వెనుక సీలు పోయినది సాబ్, ఇంజను దింపవలసినదే" అనిరి. ఇంజను దింపుట అనగా వేలకొలది ఖర్చు. అంతకుమించి, డెబ్బది యేండ్ల మరలను, బోల్టులను విప్పునప్పుడు విరుగునవి మరల దొరకునో దొరకవో. కొన్ని బండ్లు ఆ విధముగా విప్పబడి, పెట్టెలలో ముక్కలుగా మిగిలిపోవుట నే నెరుగుదును.

అక్కడ వృద్ధుడగు మిస్త్రీ యొకడుండెను. అందరు ఉస్తాద్ అని పిలుతురు. ఆయన మొదట మరకను వ్రేలితో తీసి వాసన చూచెను. గేరుపెట్టె చమురు చిక్కగానుండి గంధకపు కంపు కొట్టును. ఇది అట్లు లేదు, ఇంజనుదే. పిదప ఇంజను నంతటిని కిరసనాయిలుతో కడిగించి, గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, మెత్తని ముగ్గుపిండి చల్లించెను. క్రింద తెల్లకాగితము పరపించెను. విలాయతిలో నేడు చమురునందు మెరయు రంగు కలిపి ప్రత్యేకదీపముతో వెదకుదురు; ముగ్గుపిండి చేయుపని అదియే, ఖర్చు కాణీ.

ఏల ఇంత శ్రమ? చమురు పల్లమునకు పారును. నడచు బండిలో గాలి దానిని వెనుకకు తోలును. పైమూత బెండు నొక్కుకొనిపోయి కారినను, ఆ చమురు ఇంజను వెనుకవైపున జారి క్లచ్చిపెట్టె అడుగునకే చేరును. ఇంటి కప్పులో చిల్లియొకచోట నుండ, దూలముపట్టి వచ్చిన నీరు వేరొకచోట కురియుట మనము చూచుచుందుము గదా! కనుక బొట్టు పడినచోటికి పైన, ముందునకు చూచుచు పోవలయును.

ఇంజను వేడెక్కునంతవరకు నడపిరి. పైమూత దగ్గర పిండి పొడిగానున్నది. ప్రక్కమూత దగ్గర పొడిగానున్నది. కాగితముమీద మాత్రము బొట్టు వెంట బొట్టు. అయితే దుకాణమువారి మాటయే నిజమనిపించును. ఉస్తాద్ ఒప్పుకొనలేదు. మరచుట్టు చెడినచో నిలిచినపిమ్మట కొంత కారవలెనుగాని, నడచునప్పుడే ఇంతగా ఏల త్రోసుకొని వచ్చుచున్నది? ఆయన చమురు పోయు మూతను తీసి అరచేయి అడ్డుపెట్టెను. లోపలినుండి గాలి బుస్సుమని కొట్టుచుండెను. మూత తెరచియుంచి నడపగా క్రింద బొట్లు పలుచబడినవి.

పిస్టనులప్రక్కనుండి మండిన వాయువు కొంచెము క్రిందికి దిగుట సహజము. అది వెలుపలికి పోవుటకు గొట్టము లుండును. పైమూతనుండి గాలివడపోతకు పోవు గొట్టమును పూర్వమెవరో బిరడాతో మూసియుండిరి. ప్రక్కమూతనుండి నేలవైపు దిగు గొట్టములో తీగ గ్రుచ్చగా ఎండిన మట్టి రాలినది. బండి కొట్టములో నిలిచిన కాలమున కందిరీగ అందు గూడు కట్టుకొనెను! దారి లేని వాయువు చమురును వెనుకసందుగుండ నెట్టుచుండెను. రెండుగొట్టములను శుభ్రపరచుటకు అరపూట పట్టెను. కొత్త సరకేదియు కొనలేదు.

ఆముదము మాట ఒకటి మిగిలినది. 1909లో వేక్‌ఫీల్డు కంపెనీవారు తమ చమురునకు కాస్ట్రాలు అని పేరుపెట్టుట అందు ఆముదము కలిపినందుననే. ఇంగ్లీషున ఆముదమును కాస్టరు అందురు. మొదటి మహాయుద్ధములో గిరగిర తిరుగు ఇంజనులుగల విమానములు ఆముదముతోనే ఎగిరినవి. తెలంగాణపు మెట్టచేల పంటకు అంత గౌరవము దక్కినదని విన్నవారు కొందరు పాతబండ్లలో ఇంటి ఆముదమును పోయజూతురు. అది తగదు. ఆముదము వేడికి బంకగా మారును. మట్టినూనె జాతి చమురుతో సరిగా కలియదు. ఉన్న చమురుపై దానిని పోసినచో దారులన్నియు పూడుకొనును.

ఆ టి.సి. బండి నేడును నడచుచున్నది. వెనుకకావలికి రబ్బరుపెదవి అమర్చు సామగ్రి నేడు దొరకుచున్నను యజమాని దానికై ఇంజను దింపింపలేదు. రాత్రులు బండిక్రింద సత్తుపళ్లెము నొకదాని నుంచును. తెల్లవారుసరికి అందులో నాలుగైదు బొట్లుండును.