గిద్దె నుంచి తూము దాకా నాలుగో ఎక్కమే

నాలుగు గిద్దెలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. ఈ కొలతలు నోటికి వచ్చిన పిల్లలకు భిన్నాలు సగం వచ్చినట్టే. మానికలో సోల పావు, గిద్దె వీసం, అంటే పదహారో వంతు.

ఒక ఇంట్లో మూడు సోలల బియ్యం ఉన్నాయి, పక్కింట్లో పదకొండు గిద్దెలు. ఎవరివి ఎక్కువ? మూడు సోలలంటే పన్నెండు గిద్దెలు కనుక మొదటి ఇంటివే. అదే లెక్కను పుస్తకంలో 3/4 పెద్దదా, 11/16 పెద్దదా అని అడిగితే పిల్లవాడు తడబడతాడు. కూడికా అంతే. మూడు సోలల రెండు గిద్దెలకు సోలా మూడు గిద్దెలు కలిపితే నాలుగు సోలల అయిదు గిద్దెలు; నాలుగు నిండగానే పై కొలతలోకి మార్చితే మానికా సోలా గిద్దె. లెక్క మొత్తం చేతికి తగులుతుంది.

పాత తెలుగు లెక్కల రాతలోనూ ఇదే పద్ధతి. పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు, అరవై నాలుగో వంతుకు మళ్లీ నిలువు గీతలు. పదకొండు వీసాలంటే రెండు నిలువు గీతలు, మూడు అడ్డగీతలు: ౺౾. హారం రాయనక్కరలేదు, గీత ఉన్న చోటే దాన్ని చెబుతుంది. ఇంత పొందికైన రాతను మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేజీలోనైనా చూపించాలని నా కోరిక. 2008లో యూనికోడ్ ఈ గీతలకూ తూము గుర్తుకూ చోటిచ్చింది.

ఒకప్పటి డబ్బు లెక్కా ఈ నాలుగులదే: రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. పావలా సరిగ్గా 25 పైసలైంది కానీ, అణా ఆరుంపావు పైసల దగ్గర ఆగిపోయింది.

అయితే ఈ నాలుగుల లెక్కకు మూడో వంతు లొంగదు. మానిక బియ్యాన్ని ముగ్గురికి పంచితే తలా అయిదు గిద్దెలు పోను ఒకటి మిగిలిపోతుంది. అక్కడే ఉమ్మడి హారం కావాలి. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో హారాల కనిష్ఠ సామాన్య గుణిజాన్ని ‘నిరుద్ధం’ అన్నాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

భాస్కరాచార్యుడి లీలావతి (1150)లోని తుమ్మెదల లెక్క పిల్లలకు తప్పక చెప్పవలసింది. గుంపులో అయిదో వంతు ఒక రకం పూల మీదికి, మూడో వంతు మరో రకం పూల మీదికి వెళ్లాయి. ఆ రెండింటి తేడాకు మూడు రెట్లు ఇంకో చెట్టుకు వెళ్లాయి. ఒక్కటి గాలిలో తిరుగుతోంది. పదిహేనును హారంగా తీసుకుంటే 3/15, 5/15. తేడా 2/15, దానికి మూడు రెట్లు 6/15. అన్నీ కలిపితే 14/15. మిగిలిన ఆ ఒక్క తుమ్మెదే పదిహేనో వంతు, కాబట్టి గుంపులో ఉన్నవి పదిహేను.